నవ్విన నాయిక - నవ్వించే నటి: ఏకస్త్రీ ప్రదర్శనలో సత్యభామ

వ్యాససంగ్రహం

తెలుగు ఏకపాత్రాభినయ వేదికపై పురాణ, చరిత్ర ప్రసిద్ధ స్త్రీలు ఎక్కువగా శోకమూర్తులుగానో వీరమూర్తులుగానో దర్శనమిస్తారు. హాస్యానికి అక్కడ చోటు చాలా తక్కువ. అయితే ఒక్క స్త్రీ పాత్రను కేంద్రంగా చేసుకొని రాత్రులకు రాత్రులు ప్రేక్షకులను నవ్వించిన సంప్రదాయం తెలుగువారికి లేకపోలేదు. భామాకలాపంలోని సత్యభామ అందుకు ఉదాహరణ. ఆ పాత్రలోని హాస్యం ఎలా నిర్మితమైంది, దాన్ని పురుషుడు ధరించినప్పుడు, కళావంతురాలు ధరించినప్పుడు, నేటి నర్తకి ధరించినప్పుడు నవ్వు ఎటు తిరుగుతుంది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బెంగాలీ రంగస్థలంలో శావళీ మిత్ర ప్రదర్శించిన ద్రౌపది కథను తులనాత్మకంగా గ్రహించి, తెలుగులో హాస్యప్రధానమైన ఏకస్త్రీ ప్రదర్శనకు ఉన్న వనరులను సూచిస్తుంది.

కీలక పదాలు: ఏకపాత్రాభినయం, భామాకలాపం, సత్యభామ, మాధవి, హాస్యరసం, స్త్రీవేషం, కళావంతులు, కథకత.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట ఏకపాత్రాభినయం అనగానే మొదట స్ఫురించేది మయసభలో సుయోధనుడు. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' చిత్రానికి కొండవీటి వేంకటకవి రచించిన సంభాషణలు పాఠశాల వార్షికోత్సవాల నుంచి నాటక పోటీల దాకా విస్తరించి, ఆ సన్నివేశాన్ని ఏకపాత్రాభినయానికి పర్యాయపదంగా మార్చాయి. ఆ సన్నివేశానికి మూలం ఒక స్త్రీ నవ్వు. మడుగులో జారిన తనను చూసి పాంచాలి నవ్విందన్నదే సుయోధనుడి గాయం.

ఈ నవ్వును గూర్చి ఒక విషయం గమనించదగినది. వ్యాసభారతం సభాపర్వంలో మయసభా సంఘటనను కథకుడు చెప్పినప్పుడు నవ్వినవారు భీముడు, అతని సోదరులు, పరిచారకులు. ద్రౌపది అక్కడ కనబడదు. హస్తినకు తిరిగివచ్చిన దుర్యోధనుడు తండ్రికి తన అవమానాన్ని నివేదించేటప్పుడు మాత్రం స్త్రీలతో కూడి ద్రౌపది నవ్విందని చెబుతాడు. అంటే ద్రౌపది నవ్వు కథనంలో జరిగిన ఘటన కాదు, అవమానితుడైన పురుషుడి నివేదనలో పుట్టిన ఘటన. తెలుగు వేదికపై అత్యంత ప్రసిద్ధమైన ఏకపాత్ర ఆ నివేదనకు వారసురాలు. అందులో స్త్రీ నవ్వుతుంది గాని వేదికపై ఉండదు. ఆమె నవ్వుకు అర్థం చెప్పే అధికారం సుయోధనుడిది.

మరి స్త్రీయే ఒంటరిగా వేదికపై నిలిచినప్పుడు ఏం జరుగుతోంది? సీత, ద్రౌపది, శకుంతల అయితే కన్నీరు. రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి అయితే కత్తి. ఈ విభజనకు మూలం రంగస్థలంలో మాత్రమే లేదు. ప్రసిద్ధ స్త్రీలను తెలుగు పాఠకులకు వరుసగా పరిచయం చేసిన తొలి మహత్తర ప్రయత్నం భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' (1901). స్త్రీలు అబలలు, అవివేకులు అన్న నిందను ఖండించడం ఆమె ముందున్న పని. ఆ పనికి గాంభీర్యం అవసరమైంది. నిందకు సమాధానం చెప్పేవారు నవ్వలేరు. శతాబ్దం గడిచినా ప్రసిద్ధ స్త్రీని వేదికపైకి తెచ్చే ప్రతి సందర్భమూ ఆ సమాధానపు భంగిమనే అనుసరించడం మాత్రం ఆలోచించవలసిన విషయం. నవ్వించే పురాణస్త్రీకి తెలుగు వేదికపై చోటు ఎక్కడ ఉండేది, ఆ చోటు ఏమైంది అన్నవి ఈ వ్యాసానికి మూలప్రశ్నలు.

2. శాస్త్రంలో ఒంటరి నటుడు, నవ్వే స్త్రీ

భారతీయ అలంకారశాస్త్రానికి ఏకపాత్ర హాస్యప్రదర్శన కొత్త కాదు. దశరూపకాలలో ఒకటైన భాణం అదే. ఒకే అంకం, ఒకే నటుడు. అతడు విటుడు. ఎదుట లేని వ్యక్తుల మాటలను తానే విన్నట్టు నటిస్తూ, వాటికి తానే బదులు చెబుతూ, ఆకాశభాషితంతో వీధి అంతటినీ వేదికపైకి తెస్తాడు. 'చతుర్భాణి'గా ప్రసిద్ధమైన నాలుగు భాణాలలో శ్యామిలకుడి 'పాదతాడితకం' ఒకటి. ఒక వేశ్య తన పాదాన్ని విష్ణునాగుడనే బ్రాహ్మణుడి తలపై ఉంచడం, ఆ 'మహాపాతకానికి' ప్రాయశ్చిత్తం కోసం అతడు విటసభను ఆశ్రయించడం అందులోని ఇతివృత్తం. నవ్వు బ్రాహ్మణుడి మీదనే. అయినా తన్నిన స్త్రీ ఏమనుకుందో ఆమె నోట వినబడదు. ఆమె మాటనూ విటుడే మోస్తాడు.

నాట్యశాస్త్రం హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండు విధాలుగా విభజించింది. తాను నవ్వితే ఆత్మస్థం, ఇతరులను నవ్విస్తే పరస్థం. స్మితం మొదలు అతిహసితం దాకా ఆరు భేదాలను చెప్పి, వాటిని ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు పంచింది. ఈ రసం స్త్రీలలోను, నీచప్రకృతులలోను అధికంగా కనిపిస్తుందని కూడా పేర్కొంది. ఈ మాట స్త్రీని కించపరచేదే. కాని అందులో ఒక అంగీకారం కూడా ఉంది: నవ్వు స్త్రీకి సహజమని శాస్త్రం ఒప్పుకుంది. ఒప్పుకొని, ఒంటరి హాస్యపాత్రను మాత్రం విటుడికి అప్పగించింది. సహజమని చెప్పిన చోట అవకాశం ఇవ్వలేదు. ఆ అవకాశాన్ని దేశి సంప్రదాయం తీసుకుంది. కలాపం ఆ దేశి సంప్రదాయమే.

3. భామాకలాపంలో హాస్య నిర్మాణం

సత్యభామను తెలుగు సాహిత్యంలో చిరస్థాయిగా నిలిపిన కావ్యం నంది తిమ్మన 'పారిజాతాపహరణం'. నారదుడు తెచ్చిన పారిజాతం రుక్మిణికి దక్కిందని అలిగిన సత్య, పాదాలపై వాలిన కృష్ణుడి శిరస్సును ఎడమకాలితో తొలగిస్తుంది. పాదతాడితకంలో వినబడని నాయిక గొంతు తిమ్మన చేతిలో పూర్తిగా వినబడుతుంది. అయినా కావ్యంలో సత్య అలక ప్రధానంగా శృంగారానికి అంగం. దాన్ని హాస్యానికి అంగంగా మలచినది రంగస్థలం.

సంప్రదాయం సిద్ధేంద్రయోగికి ఆపాదించే భామాకలాపంలో కథ స్వల్పం. ప్రదర్శనలో ప్రసిద్ధమైన ఒక కథనం ప్రకారం, అద్దం ముందు నిలిచిన ఇద్దరిలో ఎవరు అందమైనవారు అని కృష్ణుడు అడగడం, తానేనని సత్య చెప్పడం, అతడు వెళ్ళిపోవడం కలహానికి కారణం. తక్కినదంతా ఆమె ఎదురుచూపు, చెలికత్తె మాధవితో ఆమె వాదం, లేఖ. కృష్ణుడు చివర వచ్చేదాకా రంగస్థలాన్ని మోసేది సత్యభామ ఒక్కతే. మాధవి ఆమె మాటకు ఊతం, కొన్నిసార్లు ఉచ్చు. సూత్రధారుడే మాధవిగా మారడం కూచిపూడి సంప్రదాయం. ఈ నిర్మాణంలో హాస్యం మూడు చోట్ల కేంద్రీకృతమై ఉంది.

3.1 ప్రవేశం: తెర వెనుక నుంచి తెర మీదుగా వేసిన జడ ముందుగా కనిపిస్తుంది. దాన్ని సభకు విసిరిన సవాలుగా చెప్పుకోవడం సంప్రదాయంలో ఉంది. ఆ పైన ప్రవేశ దరువులో నాయిక తానెవరో తానే చాటుకుంటుంది. కావ్యనాయిక అందాన్ని కవి వర్ణిస్తాడు. కలాపనాయిక తన అందాన్ని, తన పుట్టింటి ఐశ్వర్యాన్ని, తన మగనిపై తనకున్న పట్టును తానే వర్ణించుకుంటుంది. ఆత్మస్తుతి పురుషుడి నోట వీరమై, స్త్రీ నోట హాస్యమవుతుంది. సుయోధనుడి ఆత్మస్తుతికి సభ చప్పట్లు కొడుతుంది, సత్యభామ ఆత్మస్తుతికి నవ్వుతుంది. ఈ తేడా పాత్రల స్వభావంలో లేదు, సభ అలవాటులో ఉంది. మంచి ప్రదర్శన ఈ తేడాను సభకు తెలిసేలా చేస్తుంది. గొప్ప చెప్పుకొనే నాయిక లయ తప్పదు, తాళం తప్పదు, అభినయం తప్పదు. ఆమె చెప్పుకొన్నదంతా అక్కడికక్కడే నిజమని రుజువవుతుంది. అప్పుడు 'ఇంత గర్వమా' అని మొదలైన నవ్వు 'గర్వించదగినదే' అన్న ఒప్పుకోలుగా మారుతుంది.

3.2 పేరు చెప్పడం: కృష్ణుణ్ణి తీసుకురమ్మంటే ఎవరిని తీసుకురావాలని మాధవి అడుగుతుంది. భర్త పేరు పలకడం సంప్రదాయస్త్రీకి నిషిద్ధం. ఇంతసేపూ అనర్గళంగా మాట్లాడిన సత్య ఇక్కడ తడబడుతుంది. గుర్తులు చెబుతుంది, సూచనలు చేస్తుంది. మాధవి అర్థం కానట్టు నటిస్తుంది. ప్రతి సూచననూ మరో వైపు తిప్పుతుంది. మొదట నవ్వు సత్య సిగ్గు మీద. మాధవి పట్టు పెరిగేకొద్దీ నవ్వు దిశ మారుతుంది. విశ్వమంతా స్మరించే పేరును ఇంటి ఇల్లాలు పలకరాదన్న నియమమే వింతగా కనబడసాగుతుంది. సభలో కూర్చున్న స్త్రీలలో ఎందరో ఆ నియమాన్ని రోజూ పాటించినవారు. తమ నోటికి ఉన్న తాళమే రంగస్థలంపై కనిపించినప్పుడు వారి నవ్వు నాయిక మీద నవ్వుగా మిగలదు. నాయికతో కలిసి నవ్విన నవ్వు అవుతుంది.

3.3 ముక్కర: రాయబారం నడిపినందుకు మాధవి ప్రతిఫలం కోరుతుంది, అదీ సత్య ముక్కున ఉన్న ముక్కరను. ప్రాణనాథుడు లేక ప్రాణం నిలవదన్న నాయిక ముక్కర దగ్గర వెనకాడుతుంది. ఈ ఘట్టాన్ని 'ఆడవారి నగల వ్యామోహం' అన్న పాత ఎగతాళిగా ముగించడం సులువు. చాలా ప్రదర్శనలు అక్కడే ఆగుతాయి. కాని ఘట్టంలో మరో రెండు అంశాలున్నాయి. ముక్కర అలంకారం మాత్రమే కాదు, సౌభాగ్యచిహ్నం కూడా. మగడి కోసం మగడున్నదనడానికి గుర్తైన వస్తువును వదులుకోవడమన్న విరోధంలో సత్య చిక్కుకుంది. ఇక రెండవది: మాధవి పరిచారిక. దొరసాని విరహం ఆమెకు శ్రమ. శ్రమకు వెల అడగడం ఆమె హక్కు. విరహమనే ఉదాత్త భావాన్ని కూలి బేరం దగ్గరకు దించినది మాధవి తెలివి. ఈ బేరంలో నవ్వు పుట్టేది స్త్రీ స్వభావం నుంచి కాదు, ఇద్దరు స్త్రీల స్థాయీభేదం నుంచి. పాత్రధారిణి వెనకాటుకు ముందు ఒక్క క్షణం ఆగితే ఈ మూడు పొరలూ ప్రేక్షకుడికి అందుతాయి. తొందరపడితే మొదటి పొర మాత్రమే మిగులుతుంది.

ఈ హాస్యాన్ని ఆధ్యాత్మిక వ్యాఖ్యానం తరచు కప్పివేసింది. సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, గర్వభంగమే మోక్షమార్గం అన్న మధురభక్తిపరమైన అన్వయం ప్రసిద్ధమైనది. దానికి సంప్రదాయంలో స్థానం ఉంది, దాన్ని తిరస్కరించనవసరం లేదు. అయితే ఆ అన్వయం ముగింపునే సార్థకమైనదిగా చూపి, ముగింపుకు ముందున్న దీర్ఘమైన ఆటను తొలగించవలసిన దోషంగా చూపుతుంది. ప్రేక్షకుడు రాత్రంతా మేలుకొన్నది గర్వభంగం కోసం కాదు, గర్వం కోసం. లేఖ రాసే ఘట్టంలో సత్య తగ్గుతుందన్న మాట నిజమే. తగ్గుతూ కూడా నిష్ఠూరాన్నీ వేడుకోలునూ ఒకే ఊపిరిలో కలపగలగడం ఆమె ప్రత్యేకత. విరహంలో సైతం ఆమె చమత్కారం చావలేదు.

4. ఎవరి దేహం, ఎవరి నవ్వు

ఒకే పాఠం ధరించిన దేహాన్ని బట్టి వేరు వేరు నవ్వులను పుట్టిస్తుంది. సత్యభామ విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

కూచిపూడి గ్రామంలో ఈ పాత్ర తరతరాలుగా బ్రాహ్మణ పురుషుల సొత్తు. ఆ పరంపరలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా సాధించిన కీర్తి అసామాన్యం. 1970లో పద్మశ్రీ ఆయనను వరించింది. పద్యనాటకరంగంలో స్థానం నరసింహారావు (1902-1971) 'శ్రీకృష్ణ తులాభారం'లోని సత్యభామతో తెలుగువారి ఊహలో ఆ పాత్రకు రూపం ఇచ్చారు. ఆ నాటకంతో విడదీయరాని 'మీరజాలగలడా' పాటను ఆయనే సమకూర్చుకున్నారు. వీరి కళ నిస్సందేహంగా మహోన్నతం. అయితే పురుషుడు సత్యభామ అయినప్పుడు నవ్వుకు మరో ఆధారం చేరుతుంది. మగవాడు ఆడదాని వగలను ఎంత చక్కగా పట్టుకున్నాడో అన్న ఆశ్చర్యం అది. స్త్రీ గర్వం అప్పుడు అనుకరణకు లొంగే విశేషాల పట్టికగా మారుతుంది. ఈ అనుకరణను బ్రాహ్మణ పురుషత్వ నిర్మాణంలో భాగంగా విశ్లేషిస్తూ హర్షిత మృత్యింటి కామత్ 2019లో ఒక గ్రంథం వెలువరించారు. స్త్రీవేషం స్త్రీని గౌరవించడమా, స్త్రీ అవసరం లేదని నిరూపించడమా అన్న ప్రశ్నను ఇక దాటవేయడం కుదరదు.

అదే కాలంలో గోదావరి తీరాన కళావంతుల మేళాలలో స్త్రీలు భామాకలాపాన్ని, గొల్లకలాపాన్ని ప్రదర్శించారు. ముమ్మిడివరానికి చెందిన అన్నాబత్తుల సోదరీమణులు ఆ పరంపరకు చివరి తరం ప్రతినిధులుగా ప్రసిద్ధులు. కళావంతురాలు సత్యభామగా నిలిచినప్పుడు హాస్యానికి ఏర్పడే సందర్భం పూర్తిగా వేరు. భార్యాభర్తల అలకను, భర్త పేరు పలకరాదన్న నియమాన్ని, సవతి పోరును అభినయిస్తున్నది ఆ కాలపు వివాహవ్యవస్థకు వెలుపల ఉంచబడిన స్త్రీ. ఇల్లాలి నియమాలను వెలుపలి నుంచి చూసే చూపు ఆమెది. ఎదుట కూర్చున్న గృహస్థులకు తమ ఇంటి కథ అపరిచితమైన గొంతులో వినబడుతుంది. ఇక్కడ నవ్వించే శక్తి అనుకరణలో లేదు, దూరంలో ఉంది.

1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకితాన్ని, దేవాలయాలలో వారి నృత్యాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. బాలికలను బలిపెట్టే దురాచారాన్ని అంతం చేయడానికి ఆ చట్టం అవసరమైంది. దాన్ని కళ పేరుతో తక్కువ చేయడం తగదు. అయినా దురాచారంతో పాటు ఆ స్త్రీల వృత్తి, వేదిక, సభా గౌరవం కూడా పోయాయి. ఆ పైన కూడా కోస్తాంధ్రలో కొందరు కళావంతులు నాలుగు గోడల మధ్య తమలో తాము పాడుకొని అభినయించుకొన్న సంగతిని దవేశ్ సోనేజీ 2012 నాటి తన గ్రంథంలో నమోదు చేశారు. ఇక్కడ ఒక చారిత్రక వైరుధ్యం ఉంది. సత్యభామను ధరించిన పురుషులు జాతీయ పురస్కారాలు అందుకొంటున్న దశాబ్దాలలోనే, సత్యభామను ధరించిన స్త్రీలు ఆ విద్య తమకు వచ్చునని చెప్పుకోవడానికి వెనకాడవలసి వచ్చింది. నటరాజ రామకృష్ణ కృషితో నవజనార్దన పారిజాతం తిరిగి వేదికెక్కినప్పుడు కూడా అందులో సత్యభామగా విశేష ఖ్యాతి గడించినవారు ఆయన శిష్యులు కళాకృష్ణ. ఇందులో వ్యక్తుల దోషం లేదు. నవ్వించే నాయికను సమాజం ఏ దేహంలో చూడటానికి ఇష్టపడిందో ఈ వరుస చెబుతుంది.

5. మాధవి లేని సత్యభామ

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో సత్యభామ పాత్ర గౌరవప్రదంగా స్త్రీల చేతికి వచ్చింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఇందుకు ముఖ్య కారణం. ఆయన రూపొందించిన భామాకలాపంలో శోభానాయుడు సత్యభామగా పొందిన ప్రసిద్ధి తెలుగు రసికులకు తెలిసినదే. స్త్రీ సత్యభామ అయినప్పుడు వగలు అనుకరణగా గాక వ్యక్తిత్వంగా కనబడతాయని ఆమె నిరూపించారు.

అయితే అదే కాలంలో మరో మార్పు జరిగింది. నృత్యనాటకం నుంచి ప్రవేశ దరువును విడదీసి ఏకనర్తన కచేరీలో ఒక అంశంగా ప్రదర్శించడం వ్యాపించింది. సమయం స్వల్పం, నర్తకి ఒక్కతే. వాచికం తగ్గింది, మాధవి తొలగిపోయింది. దాంతో సత్యభామ సౌందర్యం మిగిలింది, సంవాదం పోయింది. ఎదురు ప్రశ్న లేనిదే గర్వానికి పదును ఉండదు. అడిగేవారు లేకపోతే పేరు చెప్పలేకపోవడం ఉండదు. కోరేవారు లేకపోతే ముక్కర బేరం ఉండదు. నర్తకి ఒంటరిగా నిలిచినా, అది ఏకస్త్రీ హాస్యప్రదర్శన కాలేకపోయింది. అందమైన పరిచయంగా ఆగిపోయింది.

ఈ పరిణామం నుంచి ఒక సూత్రం ఏర్పరచుకోవచ్చు. ఏకపాత్ర హాస్యానికి దేహం ఒకటే చాలు గాని గొంతు ఒకటే చాలదు. భాణంలో విటుడు ఆకాశభాషితంతో సాధించినది అదే. సత్యభామను ఒంటరిగా ధరించే నటి మాధవిని తొలగించరాదు, తనలోకి తీసుకోవాలి.

6. ద్రౌపది కథ చెప్పిన కథకురాలు

ఈ పనిని మరో భారతీయ భాషలో, మరో పురాణస్త్రీ విషయంలో చేసి చూపిన ప్రదర్శన ఉంది. బెంగాలీ నటి శావళీ మిత్ర స్వయంగా రచించి 1983 నుంచి ప్రదర్శించిన 'నాథవతీ అనాథవత్'. నాథులుండి కూడా అనాథలా మిగిలిన స్త్రీ అని శీర్షికకు అర్థం. ద్రౌపది జీవితం ఇతివృత్తం. మహాభారత పాత్రలను మానవులుగా పరిశీలించిన ఇరావతీ కర్వే 'యుగాంత' ఆమెకు ప్రేరణ. వేదికపై నటి ఒక్కతే, పక్కన గాయకులు, వాద్యకారులు.

ఇందులో కీలకమైన నిర్ణయం ఒకటుంది. నటి ప్రవేశించేది ద్రౌపదిగా కాదు, బెంగాల్ గ్రామీణ సంప్రదాయమైన కథకతలోని కథకురాలిగా. ఆ కథకురాలు వాడుక భాషలో మాట్లాడుతుంది, శ్రోతలతో చనువు తీసుకుంటుంది, చతురోక్తులాడుతుంది, పాడుతుంది. అవసరమైనప్పుడు ద్రౌపది అవుతుంది, మరుక్షణం కథకురాలిగా వెనుకకు వస్తుంది. కథకురాలి చనువు లేకపోతే ద్రౌపది వేదన మరో శోకఘట్టంగా ముగిసేది. చనువుతో నవ్విన ప్రేక్షకుడు కథకురాలికి దగ్గరవుతాడు. దగ్గరైనవాడికి సభాఘట్టంలో తప్పించుకొనే దారి ఉండదు. కురుసభలో మౌనంగా కూర్చున్నవారి వరుసలో తానూ ఉన్నానన్న ఎరుక అతనికి కలుగుతుంది. హాస్యం ఇక్కడ ఉపశమనం కాదు, సాక్ష్యానికి పిలుపు.

ఛత్తీస్‌గఢ్ పండవానీ కళాకారిణి తీజన్ బాయి ప్రదర్శన ఈ విషయంలో మరో ఆధారం. స్త్రీలు కూర్చొని పాడే వేదమతి శైలిని విడిచి, నిలబడి అభినయించే కాపాలిక శైలిని చేపట్టిన ఆమె, చేతిలోని తంబూరాను గదగానో విల్లుగానో మార్చుకొంటూ భీముడూ ద్రౌపదీ దుశ్శాసనుడూ తానే అవుతుంది. ఆమె మాటకు ఊఁ కొడుతూ, ప్రశ్నిస్తూ నడిచే సహకారిని రాగీ అంటారు. ఒంటరి కథకురాలు నిజానికి పూర్తిగా ఒంటరి కాదు. ప్రశ్నించే గొంతు ఒకటి ఎప్పుడూ పక్కన ఉంటుంది. మాధవి చేసే పని అదే.

7. తెలుగులో ఉన్న వనరులు

తెలుగు వేదిక ఇందుకోసం బయట వెతుక్కోనక్కరలేదు. హరికథలో ఒక్క వ్యక్తే పాత్రలన్నిటినీ పలికిస్తూ, పిట్టకథలతో సభను నవ్విస్తూ నడుస్తాడు. ఆ విద్యలో స్త్రీలూ ప్రసిద్ధికెక్కారు. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు: ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. 1940లలో ప్రజానాట్యమండలి వేదికపై మోటూరి ఉదయం నాయకత్వంలో స్త్రీల దళం ఈ మూడు బాధ్యతలనూ నిర్వహించింది. కథ, హాస్యం, రాజకీయం అన్న ఈ మూడు గొంతులు ఒకే స్త్రీలో కలిస్తే అది ఏకస్త్రీ ప్రదర్శనకు సమగ్రమైన స్వరూపం అవుతుంది.

పాఠ్యవస్తువుకు స్త్రీల రామాయణపు పాటలు మరో గని. వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన వ్యాసం వాటి ప్రాధాన్యాన్ని ప్రపంచానికి తెలిపింది. 'ఊర్మిళాదేవి నిద్ర'లో పద్నాలుగేళ్ళ నిద్ర నుంచి లేచిన ఊర్మిళ, ఎదుట నిలిచిన లక్ష్మణుణ్ణి పోల్చుకోలేక, పరస్త్రీని కోరినవారికి పట్టిన గతిని అతనికే బోధిస్తుంది. ఆదర్శ సోదరుడికి ఇంతకంటె సున్నితమైన, ఇంతకంటె పదునైన పాఠం మరొకటి లేదు. 'లక్ష్మణదేవర నవ్వు'లో, వనవాసంలో దూరంగా ఉంచిన నిద్రాదేవి తిరిగి రావడం చూసి లక్ష్మణుడు సభలో నవ్వుతాడు. ఎవరి గుట్టు వారికి గుర్తొచ్చి, ప్రతి ఒక్కరూ తమను చూసే నవ్వాడనుకొంటారు. నవ్వు ఒకటి, ఉలిక్కిపడినవారు సభ నిండా. నవ్వు అధికారాన్ని ఎలా కలవరపెడుతుందో స్త్రీలు పెరటి పాటలో ఏనాడో విప్పి చెప్పుకున్నారు. ఇవి వేదికకెక్కడానికి సిద్ధంగా ఉన్న పాఠాలు.

పురాణస్త్రీని హాస్యంగా చూపడం అపచారమన్న అభ్యంతరం ఎదురుకావచ్చు. దానికి సమాధానం సంప్రదాయంలోనే ఉంది. సత్యభామను చూసి రాత్రంతా నవ్విన గ్రామాలు ఆమెను తక్కువ చేసుకోలేదు. ఊర్మిళ పాట పాడుకొన్న స్త్రీలు రాముణ్ణి పూజించడం మానలేదు. భక్తికి నవ్వు శత్రువైనది ఇటీవలి కాలంలోనే. అయితే హాస్యమంతా ఒకటి కాదన్న వివేకం కూడా అవసరం. నాయిక నోరు, నగ, నడక మాత్రమే నవ్వుకు వస్తువైతే అది పాత ఎగతాళికి కొత్త వేషం. నాయిక చూపులోంచి సభ కనబడినప్పుడే అది ఆమె హాస్యం అవుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. తెలుగు ఏకపాత్రాభినయం స్త్రీ పాత్రలను శోకవీరాలకు పరిమితం చేయడం సంప్రదాయ అనుసరణ కాదు, సంప్రదాయంలోని ఒక ప్రధాన ధారను విస్మరించడం. భామాకలాపం ఆ ధారకు ఉన్నతమైన నిదర్శనం.

2. సత్యభామ హాస్యం ప్రవేశం, పేరు, ముక్కర అన్న మూడు ఘట్టాలలో నిర్మితమైంది. మూడింటిలోనూ నాయిక మీద మొదలైన నవ్వు ఆత్మస్తుతిని పురుషుడికే అనుమతించే అలవాటు మీదికి, భార్య నోటికి వేసిన కట్టడి మీదికి, శ్రమకు వెల కట్టని స్థాయీభేదం మీదికి మళ్ళగలదు. మళ్ళించడం పాత్రధారిణి చేతిలో ఉంది.

3. ఈ పాత్రను ధరించిన పురుషులకు దక్కిన గౌరవం, ధరించిన కళావంతులకు దక్కని గౌరవం పక్కపక్కన పెట్టి చూడవలసినవి. భామాకలాప చరిత్ర రచనలో కళావంతుల ప్రదర్శన అనుబంధం కాదు, ముఖ్యాధ్యాయం.

4. ఏకనర్తన కచేరీలో సత్యభామ స్త్రీకి దక్కింది గాని మాధవిని కోల్పోయింది. ప్రశ్నించే గొంతును నటి తనలోకి తీసుకున్నప్పుడే ఏకస్త్రీ హాస్యం సాధ్యమవుతుంది. 'నాథవతీ అనాథవత్' ఇందుకు భారతీయ రంగస్థలంలో లభించే స్పష్టమైన నమూనా.

5. హరికథ, బుర్రకథ, స్త్రీల పాటలు తెలుగులో ఇటువంటి ప్రదర్శనకు రూపాన్నీ వస్తువునూ సమకూర్చగలవు. పోటీల నిర్వాహకులు, విశ్వవిద్యాలయ రంగస్థల శాఖలు ఏకపాత్ర విభాగంలో వీటికి చోటు కల్పించడం తొలి అడుగు కాగలదు.

మయసభలో తాను నిజంగా నవ్విందో లేదో, నవ్వితే ఎందుకు నవ్విందో చెప్పే అవకాశం పాంచాలికి తెలుగు వేదికపై ఇంకా రావలసి ఉంది.